వారంటీలో లేని ఊరు

బ్రాడీపేట నాలుగో లైన్లో
మెట్ల కింద చెప్పులు విడిచి
ఈ పియానో దగ్గరికి రావడం మూడోసారి.
మొదటిసారి శ్రుతి చెయ్యడానికి,
రెండోసారి మళ్లీ అదే శ్రుతి చెయ్యడానికి,
ఇవాళ తీర్పు రాయడానికి.

విజిట్‌కి ఏడు వందలిస్తుంది కంపెనీ.
బెజవాడ పాసింజరూ, ఆటో, టీ నా లెక్కలోవే.
చొక్కా జేబు మీద వాళ్ల పేరు కుట్టి ఉంటుంది.
సంచిలో మా నాన్న సుత్తి ఉంటుంది,
నాటకాల వాళ్ల హార్మోనియాలు బాగుచేసిన సుత్తి.
దానికి ఏ కంపెనీ తెలీదు.

రూతు విమల టీచరు కాగితాలన్నీ బల్ల మీద పరిచింది.
రశీదు. పీఎఫ్ తీసిన బ్యాంకు పుస్తకం.
చెన్నై ఉత్తరాలు, తారీఖు వారీగా, గుండుసూది గుచ్చి.
ఆఖరి దాంట్లో ఇలా ఉంది:
అధిక ఉష్ణం, తేమ, దుమ్ము, ఘాటైన గాలి
మా హామీ పరిధిలోకి రావు.

"అవి తీసేస్తే గుంటూరులో ఇంకేం మిగులుద్ది బాబూ?"

నవ్వబోయి తుమ్మాను.
మూత ఎత్తగానే మెట్ల కింద నుంచి
మిర్చి యార్డు లేచొచ్చింది.

ఆవిడ దగ్గర ఒక నోటుబుక్కు కూడా ఉంది.
తేమ కొలిచే డబ్బా ఒకటి కొని
ఇరవై రెండు నెలలు పొద్దునా రాత్రీ రాసింది.
"ఏప్రిల్ 30. నలభై నాలుగు. కరెంటు లేదు.
తడిపిన చాప కిటికీకి కట్టాను."
"ఆగస్టు 9. ముసురు. దాని పక్కన బల్బు వెలిగించి పడుకున్నాను."
కంపెనీ జవాబు ఒక్క లైను:
సదరు పరికరం మా ఆమోదం పొందినది కాదు.

ముందు పలక విప్పాను.
మధ్య స్థాయి గాంధారం.
తిప్పిన పిన్ను తిప్పినట్టే వెనక్కి జారింది,
మాటిచ్చి గుమ్మం దాటాక మర్చిపోయినవాడిలా.

టార్చి వేశాను.
పిన్నులు దిగే చెక్క, పొర మీద పొర అంటించిన చెక్క.
రెండో పొరకీ మూడో పొరకీ మధ్య సందు.
రశీదు అంచు దూర్చి చూశాను. దూరింది.
జిగురు ఊడితే మరకైనా మిగులుతుంది.
ఇక్కడ చెక్క తెల్లగా ఉంది.
ఇక్కడ జిగురు ఊడలేదు,
ఎప్పుడూ లేదు.

భోజనం గంట కొట్టగానే
ఎవడో బ్రష్షు పక్కన పెట్టి లేచుంటాడు.
వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు.
నేనూ విజిట్ల మీద బతికేవాణ్ణే.

ఫారంలో కారణం అన్న చోట ముందే అచ్చేసి ఉంది:
వాతావరణం. వాడకం. ఎలుకలు.
నాలుగో గడి లేదు.
చెన్నై నుంచి సౌందరరాజన్ ఫోను:
"వెదర్ అని పెట్టేయండి సార్, క్లోజ్ చేసేద్దాం."
ఆయన ఎప్పుడూ సార్ అనే అంటాడు.
ఏడు వందలు మాత్రం ఏడు వందలే.

ఐదింటికి పిల్లలొచ్చారు.
కెజియా అనే పిల్ల స్టూలెక్కి కూర్చుని మొదలెట్టింది.
గాంధారం వచ్చిన చోట వేలు ఎత్తేసింది,
నోటితో "గా" అంది,
మళ్లీ వేళ్లు దిగాయి.
వెనకాల బెంచీ మీది వాళ్లూ అన్నారు, చప్పట్లంత సులువుగా.
"ఆ మెట్టు ముట్టుకుంటే గుర్రుమంటుంది,
అందుకని అలా నేర్పాను" అంది టీచరు.
"మొన్న హైదరాబాదు పరీక్షలో
బంగారంలాంటి పియానో ముందు కూడా
ఇది అలవాటు కొద్దీ నోటితోనే అనేసింది.
పదకొండు మార్కులు పోయాయి."

ఆ పదకొండు మార్కులు
ఏ క్లాజు కిందకి వస్తాయో నాకు తెలీదు.

ఎలుకల పక్కన కాస్త ఖాళీ ఉంది.
అక్కడ రాశాను: జిగురు.
ఫారానికి మూడు కాపీలు.
పైది టీచరుకి, మధ్యది నాకు,
అన్నిటికన్నా కిందది కంపెనీకి.
కార్బన్ ఎత్తి చూశాను.
కింద కాపీలో అక్షరం లీలగా ఉంది,
చదవదల్చుకోనివాడు చదవకపోవచ్చు.

కాగితాలు సర్ది, మోకాలి మీద పెట్టుకుని,
అదే మాట మీద
మళ్లీ రాశాను, గట్టిగా.